బయాప్సీ చరిత్ర
శరీరం నుంచి చిన్న ముక్క తీసి, మైక్రోస్కోపు కింద చూసి రోగాన్ని తేల్చే బయాప్సీ 19వ శతాబ్దంలో రూపుదిద్దుకుంది. రోగానికి మూలం కణాల్లోనే ఉందని 1858లో బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్కో చాటాడు. ముక్క పాడవకుండా ఫార్మలిన్ అనే రసాయన ద్రావణం కాపాడుతుందని 1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ చూపాడు. ఆ ముక్కను పారఫిన్ మైనంలో పోతపోసి, పలుచటి పొరలుగా కోసి, హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు అద్దితే కణకేంద్రకాలు నీలంగా, మిగతా భాగం గులాబీరంగులో కనిపిస్తాయి.

ఈ పనికి గంటలు పడుతుంది. రోగి ఆపరేషన్ బల్ల మీద ఉండగానే ఫలితం కావాలని సర్జన్ విలియం మేయో కోరడంతో, 1905లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న మేయో క్లినిక్‌లో లూయిస్ విల్సన్ ముక్కను గడ్డకట్టించి కోసి, మిథిలీన్ బ్లూ వేసి నిమిషాల్లో చూసే పద్ధతిని తెచ్చాడు. తొలి ప్రయోగానికి మిన్నెసోటా చలిగాలే ఫ్రిజ్ అయింది. నేటి ల్యాబుల్లో తక్షణ నిర్ణయానికి గడ్డకట్టించే పద్ధతి, తుది నివేదికకు మైనం పద్ధతి సాగుతున్నాయి.