అజ్జాడ దాసుగారు - మన హరికథ



పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్ళలో పుట్టిన మన వయసు వారికి శ్రీరామనవమి పందిరి అంటే హరికథే జ్ఞాపకం వస్తుంది. దాసుగారి కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిరతలు, మెడలో పూలదండ, పక్కన ఫిడేలు, మృదంగం. కొబ్బరితోటల మధ్య పెట్రోమాక్సు లైటు వెలుతురులో పొద్దుపోయేదాకా కూర్చునేవాళ్ళం. ఆ తోటలు 2018లో తిత్లీ తుపానుకు చాలావరకు కూలిపోయాయి. పందిళ్ళలో కథలు అంతకు ముందే తగ్గిపోయాయి.

తెలుగు హరికథకు నిండు రూపం ఇచ్చి, హరికథా పితామహులనిపించుకున్న ఆదిభట్ల నారాయణదాసుగారు మన ఉత్తరాంధ్ర వారే. 1864 ఆగస్టు 31న బొబ్బిలి ప్రాంతపు అజ్జాడలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. అసలు పేరు సూర్యనారాయణ. మద్రాసు నుంచి వచ్చిన ఒక భాగవతారు కథ విని, తానే ధ్రువచరిత్ర రచించి 1883లో విజయనగరంలో చెప్పారు. అప్పటికి ఇరవై ఏళ్ళయినా నిండలేదు. రచన, సంగీతం, గానం, నృత్యం అన్నీ ఆయనవే. 'దశవిధరాగ నవతి కుసుమమంజరి' అనే ఒక్క రచనలో తొంభై రాగాలు కూర్చారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ, అచ్చతెనుగులోకీ తెచ్చారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల నెలకొల్పినప్పుడు మొదటి ప్రిన్సిపాలు ఆయనే. 1936లో ఆ బాధ్యత ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి వచ్చింది. ఘంటసాల అక్కడ చదువుకున్నవారే. దాసుగారు 1945 జనవరి 2న పరమపదించారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఒక సంగతి చెప్పుకోవాలి. నేను గుమాస్తాగా ఉండగా ఒక ముసలి దాసుగారు పేద కళాకారుల పింఛను దరఖాస్తు పట్టుకొచ్చారు. వయసు ధ్రువపత్రం లేదని తిప్పి పంపాను. డాక్టరుగారి సర్టిఫికెట్టు తెచ్చుకోవచ్చని ఒక్క మాట చెప్పి ఉండవచ్చు, చెప్పలేదు. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాక గాని, నా చిన్ననాడు మా ఊరి పందిట్లో కథ చెప్పిన గొంతు అదేనని తట్టలేదు. ఆయన మళ్ళీ రాలేదు.

మన సంఘం వార్షిక సమావేశంలో ఏటా ఒక హరికథ చెప్పిద్దామని నా మనవి. మన ఊళ్ళలో ఇంకా మిగిలి ఉన్న దాసుల దరఖాస్తులు మనమే దగ్గరుండి రాసిపెడదాం. కాగితాల పని మనకు వచ్చిన విద్యే గదా! సెలవు.