ఉద్దానంలో డిజిటల్ పాఠం: తెర నుంచి అక్షరం దాకా

ఉద్దానం తీరంలో డిజిటల్ విద్య చరిత్రను పరికరాల పంపిణీతోనే లెక్కగట్టడం సరికాదు. తెరమీది పాఠానికి తొలి అవసరం కరెంటు. 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడితోటలతో పాటు విద్యుత్ స్తంభాలనూ కూల్చివేయగా పల్లెలు రోజుల తరబడి చీకట్లో గడిపాయి. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు పదో తరగతి పాఠాలు దూరదర్శన్ సప్తగిరిలో ప్రసారమయ్యాయి. 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది.

కరెంటు, ట్యాబ్ రెండూ ఉన్నా, పలాసలోనైనా టెక్కలిలోనైనా చూపులేని విద్యార్థికి అడ్డంకి అక్షరం దగ్గరే ఎదురవుతుంది. యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరింది. ముద్రణరంగాన్ని మాత్రం అను ఫాంట్లు చాలాకాలం ఏలాయి. వాటితో కూర్చిన పాఠం కంటికి తెలుగే, స్క్రీన్ రీడర్‌కు అర్థంలేని గుర్తుల వరుస. స్కాన్ చేసి పాఠశాల వెబ్‌సైటులో పెట్టిన ప్రకటనైతే వట్టి బొమ్మ. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద వచ్చిన 2017 నియమాలు వెబ్‌సైట్లలోని పత్రాలు ఈపబ్ లేదా ఓసీఆర్ ఆధారిత పీడీఎఫ్ రూపంలో ఉండాలన్నాయి. కాగితాన్ని ఫోనుతో ఫొటో తీసి పీడీఎఫ్‌గా మార్చినంత మాత్రాన ఆ షరతు తీరదు.