చేవ ఉడిగిన చాతం

అండమాన్‌లో హాడో నుంచి చాతం దీవికి వెళ్లాలంటే ఒక వంతెన దాటితే చాలు. వంతెనకు ఇవతల రేవు, క్రేన్లు, విశాఖ నుంచీ చెన్నై నుంచీ కలకత్తా నుంచీ వచ్చే ఓడలు. అవతల 1883లో పెట్టిన ప్రభుత్వ సామిల్లు. ఒకనాడు ఆసియా మొత్తంలో పెద్ద సామిల్లుల్లో ఒకటిగా దానికి పేరు. ఇవాళ ఆ గేటు దాటి లోపలికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది దుంగల కోసం వచ్చినవాళ్లు కారు, చూసిపోదామని వచ్చిన యాత్రికులు. పక్కనే అటవీ మ్యూజియం. అందులో పడౌక్ చెక్కలో చెక్కిన బొమ్మలు, పాత పనిముట్లు, గోడల మీద ఫోటోలు ఉంటాయి. ఒక పరిశ్రమ తన సొంత వాకిట్లోనే ప్రదర్శన వస్తువైపోయిన చోటు అది.

ఇది ఆ మిల్లు ఎదిగిన కథ, ఒరిగిన కథ. దానితోపాటు గుంజలు పాతి ఇల్లు నిలబెట్టే ఒక గొప్ప పనితనం ఈ దీవుల్లో మెల్లమెల్లగా చేజారిన కథ కూడా.

చాతం చిన్న దీవే, కానీ అండమాన్ చరిత్ర చాలాసార్లు అక్కడే మొదలైంది. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ తొలి వలస స్థావరం వేసింది అక్కడే. దాన్ని మూడేళ్లకు ఉత్తర అండమాన్‌కు మార్చారు. రోగాల దెబ్బకు 1796లో అదీ ఎత్తేశారు. మళ్లీ 1858 మార్చిలో రెండు వందలమంది ఖైదీలతో డాక్టర్ వాకర్ వచ్చి దిగినప్పుడు వాళ్ల గొడ్డళ్లు మొదట తగిలింది చాతం అడవికే. సంకెళ్ల చేతులు కొట్టిన ఆ చెట్ల నుంచే పోర్ట్ బ్లెయిర్ పుట్టింది. ఇప్పుడు ఆ ఊరి పేరు శ్రీవిజయపురం.

1883లో అటవీ శాఖ వచ్చింది, దానితోనే మిల్లూ వచ్చింది. అప్పటి నుంచి అడవి ఒక లెక్కగా మారింది. లోపలి అడవుల్లో ఏనుగులు దుంగల్ని ఒడ్డుకు లాగేవి. నీళ్లలో తేలని బరువు మానుల్ని తేలే మానులతో కలిపి కట్టి, తెప్పలుగా చాతంకు తోలేవారు. పనివాళ్లు చాలక 1918 నుంచి ఛోటానాగ్‌పూర్ ఆదివాసుల్ని తెచ్చారు. దీవుల్లో వాళ్లను నేటికీ రాంచీవాళ్లనే పిలుస్తారు. 1925లో బర్మా నుంచి కరెన్లు వచ్చారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి మనవాళ్లు వచ్చారు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో ప్రతి నూరుమందిలో పదముగ్గురు తెలుగు మాతృభాషగా చెప్పుకున్నారంటే ఆ వలస ఎంతటిదో అర్థమవుతుంది.

ఆ అడవిలో ఏముందో కొంచెం చెప్పాలి, చెప్పకపోతే పోయినదాని విలువ తెలియదు. అన్నిటికన్నా ముందు పడౌక్. మన ఎర్రచందనానికీ, వేగిసకూ దాయాది. ఎర్రని చేవ, చెదలకు లొంగని ఒళ్లు. దీని పలకలు లండన్ దాకా వెళ్లాయి. తర్వాత గర్జన్. నిటారుగా ఆకాశంలోకి లేచే మాను. దాని చెక్క తనంతట తాను ఎక్కువకాలం నిలవదు గాని మందు బాగా పడుతుంది. మందు పట్టించిన గర్జన్ రైలు పట్టాల కింద స్లీపర్లుగా పడుకుంది. పిన్మా, కొక్కో, చుగ్లం, ఈ దీవుల్లో తప్ప బయట అరుదుగా దొరికే పాలరాతి చారల మార్బుల్‌వుడ్... ఒక్కొక్క చెట్టుకు ఒక్కొక్క స్వభావం. ఏది గుంజకు, ఏది దూలానికి, ఏది పడవకు, ఏది తలుపుకు అన్నది తెలిసిన వడ్రంగులు ఈ ఊళ్లలో ఉండేవారు. వాళ్లకు ఆ తెలివి తరతరాలుగా చేతుల్లోంచి చేతుల్లోకి వచ్చింది.

అండమాన్‌లో ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది. గాలిలో ఉప్పు, నేలలో చెదలు, కింద ఎప్పుడు కదులుతుందో తెలియని భూమి. అటువంటి చోట నేలలో గుంజలు పాతి, వాటి మీదనే భారమంతా మోపి కట్టిన కొట్టాలు, కొబ్బరి ఎండబెట్టే పాకలు, పడవల పాకలు, పలకల గోడల ఇళ్లు దశాబ్దాలు నిలిచాయి. ఎలా నిలిచాయో తెలుసుకోవడం అవసరం.

పాక కట్టిన ప్రతి రైతుకూ తెలుసు, గుంజ ఎప్పుడూ నేలతో కలిసేచోటే కుళ్లుతుంది. లోతున గాలి ఆడదు, పైన తడి నిలవదు. నేలమట్టానికి ఒక జానెడు పైనా, ఒక జానెడు కిందా తడీ గాలీ రెండూ ఉంటాయి. కుళ్లు పుట్టించే బూజుకు కావలసినవి ఆ రెండే. కాబట్టి గట్టి కట్టడం రహస్యమంతా ఆ రెండు జానెళ్లను కాపాడటంలో ఉంది. మొదట చేవ ఉన్న మానునే గుంజకు ఎంచాలి. బెరడు ఒలవాలి, దాని కింది తెల్లచెక్క చెక్కెయ్యాలి, ఎందుకంటే చెదలు ముందు పట్టేది దాన్నే. కలప బాగా ఆరాలి. చేవ తక్కువ మాను అయితే పీడనంతో మందు లోపలి దాకా ఎక్కించాలి, పైపైన పూసిన తారు ఒకటి రెండు వానాకాలాలకు మించి ఆగదు. గుంట అడుగున కంకర పోయాలి. గుంజ చుట్టూ నేల ఎత్తుగా ఉండి నీళ్లు బయటికి జారాలి. చూరు దూరంగా దిగాలి, వాన గుంజ మొదట్లో చిమ్మకూడదు. ఇంకా మంచి పద్ధతి, గుంజను నేలకే తగలనివ్వకుండా రాతి దిమ్మె మీదనో కాంక్రీటు దిమ్మె మీదనో ఇనప పట్టాతో బిగించడం. ఆపైన గుంజకూ గుంజకూ మధ్య ఏటవాలు కర్రలు బిగించాలి, వాసాల్ని దూలాలకు, దూలాల్ని గుంజలకు కట్టివెయ్యాలి. అప్పుడు గాలి వచ్చినా భూమి కదిలినా ఇల్లంతా ఒక్కటిగా ఊగుతుంది, విడివిడిగా కూలదు.

ఈ నేల ఆ మాటకు పరీక్షలు పెట్టింది. 1941 జూన్ 26న వచ్చిన భూకంపం అప్పటి పాలనా కేంద్రం రాస్ దీవిలోని ఇటుక కట్టడాల్ని దెబ్బతీసింది. తెల్లదొరల వైభవం అక్కడే బీటలువారింది. తొమ్మిది నెలలు తిరగకుండా, 1942 మార్చి 23న జపాన్ సైన్యం దీవుల్లో దిగింది. చాతం మిల్లు మీద బాంబులు పడ్డాయి. ఒక బాంబు తవ్విన గొయ్యి ఇప్పటికీ మిల్లు ఆవరణలో ఉంది. యుద్ధం ముగిశాక మిల్లు మళ్లీ లేచింది. బాంబు పడినా లేచిన మిల్లును తర్వాత మెల్లగా నేలకు దించింది మన ఆశే.

స్వాతంత్ర్యం తర్వాత తూర్పు పాకిస్తాన్ శరణార్థులకు 1949 నుంచి ఇక్కడ భూములిచ్చారు. వాళ్లకు ఇళ్లు కావాలి, ఇళ్లకు కలప కావాలి. అది న్యాయమైన అవసరమే. కానీ అవసరం పక్కనే వ్యాపారం వచ్చి కూర్చుంది. 1951లో ఒక కలకత్తా కంపెనీకి ఉత్తర అండమాన్ అడవుల్ని పాతికేళ్లకు రాసిచ్చారు. అది 1962లో చితికిపోయింది, దాని ఏనుగుల్ని ఇంటర్‌వ్యూ దీవిలో వదిలేసి వెళ్లిపోయారు. దుంగలు లాగిన ఆ జీవాలు అడవి ఏనుగులై అక్కడే మిగిలాయి. ప్లైవుడ్ మిల్లులు వచ్చాయి, అగ్గిపుల్లల కర్మాగారం వచ్చింది. 1977లో ప్రభుత్వ అటవీ అభివృద్ధి సంస్థ ఏర్పడి, ఉత్తర అండమాన్‌లోనూ లిటిల్ అండమాన్‌లోనూ కోతకు దిగింది. వందేళ్లు పెరిగిన గర్జన్ పొర పొరగా చీలి ప్లైవుడ్ అయింది. ఇంకో మాను చీలి చీలి అగ్గిపుల్ల అయింది. ఒక మనవడి ఇంటికి గుంజ కావలసిన చెట్టు ఒక్క గీతలో వెలిగి ఆరిపోయింది.

అడవికి శాస్త్రం లేకపోలేదు. పెద్ద చెట్లు తీసి కింది మొలకలకు వెలుతురు ఇచ్చి, మళ్లీ అడవిని లేపే పద్ధతి అండమాన్‌లోనే రూపుదిద్దుకుంది. కాగితం మీద అది మంచి పద్ధతి. కానీ మిల్లుల ఆకలి మొలకల వయసు లెక్క చూడలేదు. అదే దారిన రోడ్డు వేస్తూ, కోత కోస్తూ జారవా ఆదివాసుల అడవుల్లోకి వెళ్లారు. వేల ఏళ్లుగా ఆ అడవిని నరకకుండా బతికినవాళ్ల నట్టింట్లోకి లారీలు వెళ్లాయి. ఈ కథలో అన్నిటికన్నా పెద్ద అపరాధం అదే.

దీనికి తీర్పు ఢిల్లీ నుంచి వచ్చింది. సుప్రీంకోర్టు శేఖర్ సింగ్ కమిషన్‌ను వేసి, దాని నివేదిక మీద 2002 మే 7న ఆదేశాలిచ్చింది. గిరిజన రక్షిత ప్రాంతాల్లో చెట్టు కొట్టకూడదు. దీవుల కలప బయటికి పోకూడదు. దొరికేదేదైనా దీవుల్లో ఉండేవాళ్ల సొంత అవసరాలకే. నా మటుకు నాకు ఆ తీర్పు సరైనదే. అది రాకపోతే ఇవాళ మాట్లాడుకోవడానికి అడవే మిగిలేది కాదు. కానీ ఒక తప్పు ఎంతో దూరం వెళ్లాక వచ్చే న్యాయం మంచినీ చెడునూ కలిపే కోస్తుంది. ప్లైవుడ్ మిల్లులతో పాటు వడ్రంగి బతుకూ ఆగింది. చాతంలో రంపాల హోరు తగ్గింది. అటవీ అభివృద్ధి సంస్థ నష్టాల్లో ఏళ్ల తరబడి కొనఊపిరితో ఉండి, 2017లో మూతపడటానికి కేంద్రం ఆమోదం పొందింది.

ఆ తీర్పు వచ్చిన ఏడాదే, సెప్టెంబర్ 14న, డిగ్లీపూర్ దగ్గర భూమి కంపించింది. కర్ర ఇళ్లు చాలావరకు తట్టుకున్నాయి. ఆపైన 2004 డిసెంబర్ 26. పొద్దున ఆరున్నరకు భూమి ఎన్నడూ లేనట్టు కదిలింది. పోర్ట్ బ్లెయిర్ రేవుల్లో కాంక్రీటు స్తంభాలు పగుళ్లిచ్చాయి. వంగే గుణం ఉన్న కర్ర కట్టడం మళ్లీ తన మాట నిలుపుకుంది. దక్షిణాన నికోబార్‌లో మాత్రం వచ్చింది కంపం ఒక్కటే కాదు, సముద్రం. దాని ముందు ఏ గుంజా నిలవలేదు. ఇందిరా పాయింట్ లైట్‌హౌస్ ఉన్న నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. ట్రింకెట్ దీవి ముక్కలైంది. అండమాన్ నికోబార్‌లో చనిపోయినవాళ్లూ, కానరానివాళ్లూ కలిపి మూడున్నర వేలకు దగ్గర. వాళ్లలో చాలామంది నికోబారీలు.

నికోబారీల గుండ్రటి ఇల్లు గుంజల మీద కట్టే విద్యకు పరాకాష్ఠ. మనిషి ఎత్తున బలమైన గుంజలు, వాటి తలల మీద ఎలుకలు ఎక్కకుండా చెక్క పళ్లేలు, వాటిపైన నేల, దానిపైన గడ్డితో నేసిన గుమ్మటం లాంటి కప్పు. మేకు పనే లేకుండా బెత్తంతో కట్టేవారు. కింద గాలి ఆడుతుంది, పందులకు నీడ ఉంటుంది, పైన ఒక ఉమ్మడి కుటుంబమంతా ఉంటుంది. కార్ నికోబార్‌లో ఆ ఉమ్మడి కుటుంబాన్ని తుహెత్ అంటారు. సునామీ తర్వాత మొదట రేకుల షెడ్లు ఇచ్చారు, ఆ ఎండలో ఆ రేకుల కింద మనుషులు ఉడికిపోయారు. తర్వాత బయటి నుంచి సామాను తెచ్చి, ఒక్కో చిన్న కుటుంబానికి ఒక్కో ఇల్లు కట్టించారు. ఇచ్చినవాళ్ల మనసు మంచిదే. కానీ ఆ ఇళ్లను చెడితే బాగుచేసుకునే విద్య నికోబారీలది కాదు, వాటిలో తుహెత్‌కు చోటూ లేదు. అంతకుముందు ఒక కుర్రాడు తాతతో కలిసి అడవికి వెళ్లి మాను ఎంచడం నేర్చుకునేవాడు. ఇప్పుడు ఒక బోల్టు ఊడితే ఓడ కోసం చూడాలి.

చాతంలో పోయిందీ, నికోబార్‌లో పోయిందీ ఒకటే. ఒకచోట ఆశ తినేసింది, ఇంకోచోట కెరటం తీసుకుపోయింది. కానీ రెండుచోట్లా ఆఖరి దెబ్బ కొట్టింది మరొకటి. కర్ర ఇల్లు అంటే పేదరికం, సిమెంటు అంటే ఎదుగుదల అన్న మన నమ్మకం. సముద్రపు ఇసుక తవ్వి, ఒడ్డును కోతకు వదిలి, ఉప్పుగాలికి కడ్డీలు తుప్పుపట్టే స్లాబులు పోస్తున్నాం. అదీ అత్యధిక భూకంప ప్రమాదం ఉన్న జోన్‌లో. కర్రకు చెద పడుతుందని భయపడి వదిలినవాళ్లం, ఇనుముకు పట్టే తుప్పును లెక్కచెయ్యడం లేదు.

పెద్ద అడవిని మళ్లీ కొట్టమని ఎవరూ అనకూడదు, అననివ్వకూడదు. ఇదివరకే నాటిన తోటల్లోని పడౌక్, టేకు, వెదురు దీవివాసుల ఇళ్లకే చెందాలి. చాతం మిల్లులో యంత్రాలున్నాయి, ఆరబెట్టే గదులున్నాయి, చుట్టూ పనివాళ్ల ఊరు హాడో ఉంది. దాన్ని యాత్రికులు చూసిపోయే చోటుగా మాత్రమే ఉంచడం అన్యాయం. అక్కడ ఒక వడ్రంగి బడి తెరవాలి. ముసలి వడ్రంగుల్నీ, నికోబారీ పెద్దల్నీ గురువులుగా కూర్చోబెట్టి, గుంజ ఎంచడం నుంచి కప్పు కట్టడం దాకా పిల్లలకు నేర్పించాలి. ఆ చేతులు ఇంకా ఉన్నాయి. అవి పోయాక ఎన్ని తోటలు పెంచినా, ఆ మానుతో ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు ఉండరు.