డిచ్‌పల్లి దవాఖాన బడి

నందిపేట నుంచి ఆర్మూరు మీదుగా హైదరాబాద్ పోతుంటే దారిలో డిచ్‌పల్లి తగులుతుంది. గుట్టమీది రామాలయం అందరికీ తెలుసు. 2006లో వచ్చిన తెలంగాణ యూనివర్సిటీ పిల్లలకు తెలుసు. ఈ మధ్య నాకు తెలిసిన మూడో సంగతి మాత్రం మనసును వదలడం లేదు. 1940ల చివర్లో ఆఫ్రికాలోని నైజీరియాలో, ఉజువాకోలి అనే చోట, కుష్ఠుకు డాప్సోన్ మందును మాత్రగా మింగిస్తే చాలని నిరూపించిన డాక్టర్ జాన్ లోవ్ అంతకుముందు మన డిచ్‌పల్లి దవాఖానలో పనిచేసినవాడు!

ప్రపంచమంతా మింగిన మాత్రకూ మన నిజామాబాద్ జిల్లాకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని తెలిశాక, డాక్టర్లు ప్రజారోగ్యాన్ని ఎక్కడ, ఎలా నేర్చుకున్నారా అని వెతకడం మొదలుపెట్టాను.

డాక్టరు చదువు అయ్యాక ప్రజారోగ్యం కోసం మళ్లీ చదవాలన్న ఆలోచన పాతదే. 1871లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ అందుకోసం ఒక డిప్లొమా పరీక్ష పెట్టింది. తర్వాత ఇంగ్లండ్‌లోనూ అలాంటివి వచ్చాయి. ఇండియాలో కొలువు చేస్తున్న రోనాల్డ్ రాస్ 1888లో సెలవు మీద లండన్ వెళ్లి అలాంటి డిప్లొమా తీసుకున్నాడు, సూక్ష్మజీవుల శాస్త్రమూ నేర్చుకున్నాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమి జాడ పట్టుకున్నది ఆయనే. మన దేశంలో ఈ చదువుకు పెద్ద బడి, అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ, 1932లో కలకత్తాలో వెలిసింది.

ఇక డిచ్‌పల్లి సంగతి. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో వైద్యం చదివిన ఇసబెల్ కెర్, మిషనరీ అయిన భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో నిజాం రాజ్యానికి వచ్చింది. పెద్దరోగం, అంటే కుష్ఠు, వచ్చినవాళ్లను ఊరు వెలివేసే కాలమది. మొదట ఇందూరులో, అంటే ఇప్పటి నిజామాబాద్‌లో, వాళ్ల కోసం చిన్న నివాసం పెట్టారు. వచ్చేవాళ్లకు అది చాలలేదు. అప్పుడు ఇందూరు దాత రాజా నర్సాగౌడ్ పెద్ద మొత్తం విరాళమిచ్చాడు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు దవాఖాన మొదలైంది. కట్టడాల నమూనాలు జార్జ్ కెర్ స్వయంగా గీశాడు. పరదేశి డాక్టరమ్మ చేతికి మన ఇందూరు దాత డబ్బు అందింది కాబట్టే ఆ గోడలు లేచాయి. ఈ మాట మనం మరవకూడదు.

అప్పటి మందు అడవి బాదం గింజల నూనె. చాల్‌మోగ్రా జాతి చెట్టు అది. తాగిస్తే కడుపులో తిప్పేది, వాంతులయ్యేవి. అందుకే సూదితో ఎక్కించే పద్ధతి వచ్చింది. ఆ సూదులు ఒకటీ రెండూ కావు, వారం వారం, నెలల తరబడి. కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాలలో డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ ఈ వైద్యానికి ఒక పద్ధతి ఏర్పరిచాడు. నూనె ఒక్కటే సరిపోదు, రోగికి మంచి తిండి పెట్టాలి, ఒంటికి పని చెప్పాలి, మలేరియా, కొంకిపురుగుల వంటి పక్క జబ్బులు ముందు నయం చేయాలి అన్నాడు. కెర్ దంపతులు ఆ దారి పట్టారు. 1923లో వాళ్లకు కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది.

మ్యూర్ చెప్పిన మరో మాట నాకు ఇంకా విలువైనదిగా తోస్తుంది. ప్రచారం, చికిత్స, సర్వే: ఈ మూడూ కలిసి నడవాలన్నాడు. రోగి దవాఖానకు వచ్చేదాకా కూర్చోకుండా డాక్టరే ఊళ్లోకి పోయి, మచ్చ మొదట్లోనే పట్టుకోవాలి. ఇవాళ ఎంపీహెచ్ (ప్రజారోగ్య పీజీ) తరగతుల్లో పుస్తకాలు పెట్టి చెప్పే పాఠం ఇదే. డిచ్‌పల్లికి వచ్చిన డాక్టర్లు దాన్ని వార్డు వరండాలో, రోగి చెయ్యి పట్టుకుని నేర్చుకున్నారు. లోవ్ ఇక్కడి నుంచి కలకత్తా వెళ్లి పరిశోధనలో దిగాడు, ఆ తర్వాత నైజీరియా చేరాడు. డాప్సోన్‌లో విషగుణం ఎక్కువని అప్పటిదాకా వెనుకాడేవారు. కొద్ది మోతాదులో ఇస్తే రోగి తట్టుకుంటాడని ఆయన చూపించాడు. సూది బాధ తప్పింది. ఖరీదు తగ్గింది. పేదవాడి గుడిసెదాకా మందు చేరింది.

తర్వాతి కథ గబగబా నడిచింది. 1955లో జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం వచ్చింది. 1980ల్లో పలు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చింది. 2005 చివరికి దేశం మొత్తమ్మీద పదివేలమందిలో ఒక్క రోగికన్నా తక్కువ స్థాయికి చేరాం. 2008లో హైదరాబాద్‌లో భారత ప్రజారోగ్య సంస్థ తలుపులు తెరిచింది. 2013లో నిజామాబాద్‌కు ప్రభుత్వ మెడికల్ కాలేజీ దక్కింది.

చదువు పెరిగింది, సంతోషం. కానీ రోగి ఊరికీ డాక్టరు తరగతి గదికీ మధ్య దూరం కూడా పెరిగింది. డిచ్‌పల్లిలో ఆ రెండూ ఒకే ఆవరణలో ఉండేవి. మనం పోగొట్టుకున్నది అదే.

నేర్చుకోవడానికి మన దగ్గర విషయాలకు కొదవ లేదు. నందిపేట, ఆర్మూరు వైపు ఇంటింటా పొగాకు దుమ్ములో బీడీలు చుట్టే ఆడవాళ్లున్నారు. పసుపు చేలలో మందు కొట్టే కూలీలున్నారు. షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక బోధన్‌లో చేతిలో పని పోయిన కుటుంబాలున్నాయి. వీళ్ల ఆరోగ్యమే పాఠంగా నిజామాబాద్‌లో ప్రజారోగ్య పీజీ చదువు నడవాలి. అక్కడ చేరే ప్రతి విద్యార్థినీ మొదటి రోజు డిచ్‌పల్లి దవాఖానకు తీసుకుపోవాలి. ప్రపంచానికి మాత్ర ఇచ్చిన డాక్టరు ఒకప్పుడు రోగుల నడుమ తిరిగిన నేల అది అని చెప్పాలి.