త్రెబోన్: చెరువులు పోషించిన సంత ఊరు

చెక్ దేశపు దక్షిణ భాగంలో, చెస్కే బుద్యెయోవిత్సె నగరానికి తూర్పుగా పాతిక కిలోమీటర్ల దూరంలో త్రెబోన్ అనే చిన్న ఊరుంది. జనాభా ఎనిమిది వేల పైచిలుకు. పాతకాలపు కోట గుమ్మాలు, నడిమధ్య పొడవుగా సాగిన సంత మైదానం, దానికి ఇరువైపులా వరండాలు ముందుకు తీసిన ఇళ్లు. చెక్ దేశంలోని ఈ బొహీమియా ప్రాంతంలో ఇలాంటి ఊళ్లకు కొదవ లేదు. దీన్ని వేరు చేసేది గోడ బయట ఉన్న నీరు. గుమ్మం దాటి నాలుగడుగులు వేస్తే చెరువు కట్ట మీద ఉంటాం.

ఆ నీరు అక్కడ ఎందుకుందో తెలియాలంటే ముందు నేల సంగతి చూడాలి. ఆస్ట్రియా వైపు కొండల్లో పుట్టిన లుజ్నిత్సె నది ఈ పల్లపు ప్రాంతానికి వచ్చేసరికి దారి మరిచినట్టు మెలికలు తిరుగుతుంది. వాలు చాలా తక్కువ. కింద బంకమట్టి, ఇసుక పొరలు. వాన నీరు ఇంకదు, పారదు, నిలిచిపోతుంది. శతాబ్దాల తరబడి నాచు కుళ్లి నల్లటి పీట్ నేల ఏర్పడింది. పన్నెండో శతాబ్దంలో విత్కోవ్ వంశీయులు అడవి నరికి ఇక్కడ ఊరు పెట్టారుగానీ, పంట మీద ఆధారపడి ఎదగగల చోటు కాదిది.

1366లో ఊరు రోజంబర్క్ ప్రభువుల చేతికి వచ్చింది. మరుసటి ఏడాదే వాళ్లు అగస్టీనియన్ సన్యాసుల మఠం స్థాపించారు. ఆ మఠం చర్చి కోసం 1380 ప్రాంతంలో గీసిన చిత్రాలు మధ్యయుగపు బొహీమియా కళలో మేటివి. చిత్రకారుడి పేరు చరిత్రకు దక్కలేదు కనుక ఆయన్ను ‘త్రెబోన్ వేదిక చిత్రకారుడు’ అనే పిలుస్తారు. మిగిలిన పలకలు ఇప్పుడు ప్రాగ్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. ఊళ్లోని రీజెంట్ బీరు కర్మాగారం తాను పుట్టింది 1379లో అని చెప్పుకుంటుంది.

అసలు కథ పదహారో శతాబ్దంలో మొదలవుతుంది. అప్పటి కాథలిక్ క్యాలెండర్‌లో మాంసం ముట్టకూడని రోజులు ఏడాదికి వందకు పైనే. ఆ రోజుల్లో చేప తినొచ్చు. సముద్రం లేని దేశంలో తాజా చేప కావాలంటే పెంచుకోవాల్సిందే. రోజంబర్క్‌ల కొలువులో ఉన్న ష్టెపానెక్ నెతొలిట్స్కీ ఈ అవసరాన్నీ, ఈ బురదనేలనూ కలిపి ఆలోచించాడు. లుజ్నిత్సె నుంచి నీరు మళ్లించి, దారిలో చెరువు తర్వాత చెరువు నింపుతూ, చివరకు అదే నదిలో కలిసేలా 48 కిలోమీటర్ల కాలువ తవ్వించాడు. పేరు జ్లతా స్తోకా, అంటే బంగారు కాలువ. వాలు దాదాపు లేని నేల మీద అంత దూరం నీటిని నడిపించడానికి ఎంత నిఖార్సైన మట్టాల లెక్క కావాలో మట్టిపని తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కాలువ నేటికీ పారుతోంది. నా దృష్టిలో త్రెబోన్‌కు అసలు నిర్మాత ఈయనే. పర్యాటకుల పుస్తకాల్లో మాత్రం పెద్దపీట ఆయన తర్వాత వచ్చినవాడిది.

పెంచింది ముఖ్యంగా కార్ప్, మన మత్స్యశాఖవాళ్లు బంగారు తీగ అనే చేప. పిల్లలను చిన్న చెరువుల్లో వదిలి, ఎదిగేకొద్దీ పెద్ద చెరువుల్లోకి మార్చేవారు. బజారు చేపగా తయారవడానికి మూడు నాలుగేళ్లు. శరదృతువులో తూము ఎత్తి నీరు వదిలేస్తారు. అడుగున మిగిలిన మడుగులో చేపలన్నీ పోగుపడ్డాక వల లాగుతారు. పట్టినవాటిని నీళ్ల పీపాల్లో వేసి బళ్ల మీద ప్రాగ్‌కూ, ఆస్ట్రియా పట్టణాలకూ ప్రాణంతోనే తోలేవారు. అప్పుడప్పుడు ఒక చెరువును వేసవంతా ఎండబెట్టి, అడుగున ఓట్స్ చల్లడమూ ఉండేది. నేలకు గాలి తగిలి, మళ్లీ నీరు పెట్టాక చేప బాగా పెరిగేది.

ఆ తర్వాత వచ్చినవాడు యాకుబ్ కర్చీన్. అప్పటి ప్రభువు విలేమ్ రోజంబర్క్ ఎస్టేట్లన్నీ చూసే అధికారి, పట్టిన పట్టు విడవని మనిషి. 1571లో ఊరిని ఆనుకునే స్వ్యెత్ చెరువు మొదలుపెట్టాడు. శివారు పేటను కూల్చేస్తేగానీ దానికి చోటు చాలలేదు. ఊరివాళ్లు మొత్తుకున్నారు, ఆయన వినలేదు. 1584 నుంచి 1590 వరకు రోజంబర్క్ చెరువు కట్టించాడు. కట్ట పొడవు దాదాపు రెండున్నర కిలోమీటర్లు. ఇవాళ్టి విస్తీర్ణం 489 హెక్టార్లు, తొలినాళ్లలో ఇంతకంటే చాలా ఎక్కువ. వరదకు కట్ట తెగకుండా లుజ్నిత్సె నీటిలో కొంత భాగాన్ని పక్కనున్న నెజార్కా నదిలోకి తోసే ‘కొత్త నది’ని కూడా తవ్వించాడు. మట్టి మోసింది కూలికి తిరిగే ముఠాలు, వెట్టికి పిలిపించిన రైతులు. కర్చీన్ ఆత్మను సైతాను ఎత్తుకుపోయాడని అక్కడి పల్లెల్లో పుట్టిన కథల్లో ఆ వెట్టి కసి వినిపిస్తుంది.

ఇక్కడో వింత. అవే ఏళ్లలో, 1586 నుంచి, విలేమ్ ఆదరణలో జాన్ డీ, ఎడ్వర్డ్ కెల్లీ అనే ఇంగ్లీషు రసవాదులు త్రెబోన్‌లో కొలిమి పెట్టుకుని కూర్చున్నారు. బంగారం రాలేదు. ఊరి బయట చెరువుల్లో మాత్రం ఏటా వస్తూనే ఉంది. అయినా ప్రభువు ఖర్చు ముందు ఆ ఆదాయం చాలలేదు. విలేమ్ 1592లో కొండంత అప్పు మిగిల్చి చనిపోయాడు. తమ్ముడు పెతర్ వోక్ ఆ అప్పుల కోసం 1601లో చెస్కీ క్రుమ్లోవ్ కోటను చక్రవర్తి రెండో రుడోల్ఫ్‌కు అమ్మేసి, గ్రంథాలయంతో సహా త్రెబోన్‌కు మకాం మార్చాడు. 1611లో ఆయనతో వంశం ఆగిపోయింది. ఆ పుస్తకాలను తర్వాత ప్రాగ్‌కు తరలించారు, ముప్ఫై ఏళ్ల యుద్ధం చివర్లో, 1648లో, స్వీడిష్ సైన్యం అక్కణ్ణుంచి ఎత్తుకుపోయింది. ఊరు మరికొన్ని చేతులు మారి 1660లో ష్వార్జెన్‌బెర్గ్ వంశానికి దక్కి, దాదాపు మూడు వందల ఏళ్లు వాళ్లదిగానే ఉంది.

ముప్ఫై ఏళ్ల యుద్ధం తర్వాత, ముఖ్యంగా పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో బొహీమియా అంతటా చెరువులను ఎండగట్టి గోధుమ, చక్కెర దుంప వేశారు. త్రెబోన్ చెరువుల్లో చాలావరకు బతికి బట్టకట్టాయి. కారణం భక్తి కాదు, కళాభిమానం కాదు. ఇక్కడ నీరు తీసేస్తే మిగిలేది పనికిరాని ఇసుక, పీట్. పంతొమ్మిదో శతాబ్దపు చివర్లో ష్వార్జెన్‌బెర్గ్ చెరువుల పెద్ద యోసెఫ్ షుస్తా, కార్ప్ ఏం తింటుందో శాస్త్రీయంగా పరిశీలించి, మేత వేయడం, ఎరువు చల్లడం మొదలుపెట్టాక దిగుబడి మళ్లీ పుంజుకుంది. 1871లో వియన్నా–ప్రాగ్ రైలు వచ్చింది. 1883లో పీట్ మట్టితో కీళ్లనొప్పులకు చికిత్స చేసే స్నానశాల వెలిసింది. ఒకప్పుడు నాగలికి అడ్డుపడ్డ మట్టే ఊరికి రెండో జీవనాధారమైంది.

1947లో ప్రత్యేక చట్టం చేసి ష్వార్జెన్‌బెర్గ్ ఆస్తులను ప్రభుత్వం తీసుకుంది. 1977లో ఈ ప్రాంతాన్ని యునెస్కో జీవావరణ రిజర్వుగా గుర్తించింది. 2002 ఆగస్టు వరదల్లో రోజంబర్క్ చెరువు మామూలుగా పట్టే 60 లక్షల ఘనపు మీటర్లకు బదులు 7 కోట్ల దాకా నీటిని ఆపింది. కర్చీన్ కట్ట తెగలేదు. దిగువనున్న ఊళ్లకు వరద పోటు తగ్గింది.

ఇప్పటి తగవు వేరు. క్రిస్మస్ ముందు రోజు రాత్రి చెక్ ఇళ్లలో వేయించిన కార్ప్ ఉండాల్సిందే, త్రెబోన్ కార్ప్‌కు యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ గిరాకీ కోసం షుస్తా చూపిన మేత, ఎరువుల దారిలో ఇరవయ్యో శతాబ్దం మరీ దూరం వెళ్లింది. చేపలను కిక్కిరిసేలా వదలడంతో చాలా చెరువులు వేసవిలో పచ్చటి పాచి పట్టిపోతున్నాయి, నీటిమొక్కలూ పక్షులూ తగ్గాయి. చేపల సంఖ్య తగ్గించాలని ప్రకృతి పరిరక్షకులు అంటున్నారు, నష్టపోతామని పెంపకందార్లు అంటున్నారు. మొదటివాళ్ల మాటే సరైనదని నాకనిపిస్తుంది. క్రిస్మస్ కార్ప్ ధర కొంత పెరిగినా సరే, చెరువుల్లో వదిలే చేపలు తగ్గాలి.