అయిదు గంటలకు వచ్చిన కూలీలు

ఉగాది సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాసిమ్మని సంపాదకులు అడిగినప్పుడు మొదట తప్పించుకోవాలనే చూశాను. వృత్తిరీత్యా ఓడరేవులో క్రేన్ల మంచిచెడ్డలు చూసుకునే ఇంజనీరును. చరిత్రకారుణ్ణి కాను, మత పండితుణ్ణి అంతకంటే కాను. కానీ కిందటేడు సంక్రాంతి భోజనాల దగ్గర ఒక పెద్దాయన అన్న మాట నన్ను వదల్లేదు. ఆయన ఇక్కడి రబ్బరు తోటలో పుట్టారు. తాతగారు విశాఖపట్నం జిల్లా నుంచి వచ్చారట. ఆకులు వేస్తూ నవ్వుతూనే అన్నారు: "మీరంతా సాయంత్రం ఒచ్చినోళ్ళు బాబూ. ఎండంతా మావోళ్ళే మోసీసినారు."

నేనూ నవ్వేశాను. ఆ రాత్రి మాత్రం గుంటూరులో మిషన్ బడిలో చదువుకునేటప్పుడు విన్న ఒక ఉపమానం గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ఏసుక్రీస్తు చెప్పిన కథ అది. ఒక ద్రాక్షతోట యజమాని తెల్లవారుజామునే సంతవీధికి వెళ్ళి, రోజుకు ఒక దేనారం కూలికి ఒప్పుకున్నవాళ్ళను పనిలో పెట్టుకుంటాడు. మళ్ళీ తొమ్మిదింటికీ, పన్నెండింటికీ, మూడింటికీ వెళ్ళి మరికొందరిని పిలుస్తాడు. సాయంత్రం అయిదింటికి వెళితే ఇంకా కొందరు అక్కడే నిలబడి ఉంటారు. ఎందుకిలా ఉన్నారంటే, మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదంటారు. వాళ్ళనూ తోటకు పంపిస్తాడు. పొద్దుగూకాక చివర వచ్చినవాళ్ళతో మొదలుపెట్టి అందరికీ తలా ఒక దేనారం ఇప్పిస్తాడు. పొద్దుటి నుంచీ ఎండలో మాడినవాళ్ళు సణుగుతారు. ఒప్పుకున్న కూలి నీకు ముట్టింది కదా, నా సొమ్ము నా ఇష్టప్రకారం ఇచ్చుకోకూడదా అంటాడు యజమాని.

మా క్లాసులో ఆనాడు పిల్లలందరం ఏకగ్రీవంగా తీర్పు చెప్పేశాం: యజమాని చేసింది అన్యాయం!

ఈ కథలోని సంకేతాలను పెద్దలు ఎన్నో రకాలుగా విప్పి చూపించారు. హెబ్రీ ప్రవక్త యెషయా కాలం నుంచే ద్రాక్షతోట అంటే దేవుడు నాటి పెంచిన ప్రజకు గుర్తు. మూడో శతాబ్దపు ఓరిజెన్ ఆ అయిదు పిలుపులను లోకచరిత్రలోని అయిదు యుగాలుగా చూశాడు. ఆదాము, నోవహు, అబ్రాహాము, మోషే, క్రీస్తు ఒక్కొక్క యుగానికి మొదలు. ఆయనే మరో అర్థమూ చెప్పాడు. ఆ వేళలు మనిషి వయసులట. కొందరికి బాల్యంలోనే పిలుపు వస్తుంది, కొందరికి ముసలితనంలో వస్తుంది. అగస్టీను కూడా తన ప్రసంగంలో ఈ రెండు అర్థాలనూ చెప్పాడు. ముందునుంచీ ధర్మశాస్త్రాన్ని పాటిస్తున్న యూదులకూ, ఆలస్యంగా విశ్వాసంలోకి వచ్చిన అన్యజనులకూ మధ్య తగవు ఇందులో ఉందని చెప్పినవాళ్ళూ ఉన్నారు.

ఇవన్నీ గొప్ప అర్థాలే. నాకు మాత్రం ఆ దేనారం దగ్గరే చూపు ఆగిపోయింది. అది రోమన్ల వెండి నాణెం, ఆ కాలపు కూలివాడి ఒక దినపు కూలి. అంటే ఆ పూటకు ఇంటిల్లిపాదికీ రొట్టె. అందులో సగం ఇస్తే సగం ఇల్లు పస్తు. కూలివాడి జీతం పొద్దుగూకేలోపు ఇచ్చెయ్యాలని, దానిమీదే వాడి ప్రాణం ఆధారపడి ఉందని మోషే ధర్మశాస్త్రం చెప్పింది కూడా ఇందుకే. మన ఊళ్ళలో కూలీల అడ్డా దగ్గర మధ్యాహ్నం దాటాక కూడా గిన్నె పట్టుకుని నిలబడ్డవాళ్ళను చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అయిదింటిదాకా నిలబడ్డవాడు సోమరి కాడు, ఎవరూ పిలవనివాడు. యజమాని లెక్కగట్టింది పనిచేసిన గంటలను కాదు, ఇంట్లో ఎదురుచూసే ఆకళ్ళను.

ఇలా చదివినవాళ్ళలో జాన్ రస్కిన్ ఒకడు. 1860లో ఆయన అర్థశాస్త్రం మీద నాలుగు వ్యాసాలు రాసి, ఈ ఉపమానంలోని మాటలతోనే 'అన్ టు దిస్ లాస్ట్' అని పేరు పెట్టాడు. ఈ చివరివానికి సైతం అని అర్థం. పాఠకులు మండిపడడంతో పత్రికవారు వ్యాసాలు ఆపేశారు. 1862లో అవి పుస్తకంగా వచ్చాయి. 1904లో జొహానెస్‌బర్గ్ నుంచి దర్బన్ వెళ్ళే రైల్లో గాంధీగారు ఆ పుస్తకం చదివి, రాత్రంతా నిద్రపోలేదు. వకీలు పనికీ మంగలి పనికీ విలువ ఒక్కటేనని ఆయన అందులోంచి గ్రహించారు. ఆ ఏడే ఫీనిక్స్ ఆశ్రమం వెలిసింది. 1908లో దాని సారాన్ని గుజరాతీలో రాసి 'సర్వోదయ' అని పేరు పెట్టారు. ఆ సర్వోదయ మార్గంలోనే వినోబా భావే నడిచి నడిచి మన తెలంగాణకు వచ్చారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో 40 దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అదే భూదానానికి నాంది. ఏసుక్రీస్తు చెప్పిన ఒక చిన్న కథ లండన్, దర్బన్ చుట్టి మన నేత ఊరికి చేరిందంటే ఆశ్చర్యం కాదూ!

ఇక మన క్లాంగ్ సంగతి. ఇక్కడి రేవు 1901లో పోర్ట్ స్వెటెన్‌హామ్ పేరుతో మొదలైంది. 1972లో పోర్ట్ క్లాంగ్ అయింది. మద్రాసు, నాగపట్నాల నుంచి వచ్చిన ఓడలు మనవాళ్ళను ఇక్కడే దించాయి. 1926 నుంచి తిరిగిన 'రజులా' పేరు పాత కుటుంబాల్లో ఇప్పటికీ వినబడుతుంది. ఒప్పంద కూలీ పద్ధతి 1910లో ముగిసినా, 1938లో భారత ప్రభుత్వం ఆపేదాకా కంగాణీల ద్వారా కూలీలు వస్తూనే ఉన్నారు. ఉపమానంలో యజమాని తానే అయిదుసార్లు సంతకు నడిచి వెళ్ళి మనుషుల మొహాలు చూశాడు. ఇక్కడి తోటలకు యజమానులైన వాటాదారులు చాలామంది లండన్‌లో ఉండేవారు. ఊళ్ళకు వెళ్ళింది కంగాణీ. తన కింది కూలీ పనిలోకి దిగిన ప్రతి రోజుకూ అతనికి తలకింతని ముట్టేది.

1941లో ఈ క్లాంగ్ జిల్లా తోటల్లోనే భారతీయ కూలీలు సమ్మె చేశారు. చీనా కూలీలతో సమానంగా కూలి ఇవ్వాలన్నారు. కల్లు దుకాణాలు మూసెయ్యాలని, పిల్లలకు సరైన చదువు, వైద్యం కావాలని, ఆడవాళ్ళ జోలికి రాకూడదని అడిగారు. దొర ఎదురైతే సైకిలు దిగి నిలబడే ఆచారం పోవాలన్నారు. నాయకుడు ఆర్.హెచ్. నాథన్‌ను అరెస్టు చేసి దేశం నుంచి పంపేశారు. సైన్యం వచ్చింది. కాల్పుల్లో కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

నా సొమ్ము నా ఇష్టం అనే మాట తోట దొర కూడా అనగలడు. ఉపమానంలోని యజమాని ఆ ఇష్టాన్ని తక్కువ దక్కేవాడిని పైకెత్తడానికి వాడాడు. దొర వాడింది కూలి కొయ్యడానికి. మాట ఒకటే అయినా ధర్మం వేరు.

ఇప్పుడు పెద్దాయన మాటకు వస్తాను. డిగ్రీలు పట్టుకుని విమానం దిగిన మా బోటివాళ్ళం నిజంగా అయిదు గంటల కూలీలమే. మాకు దేనారం వెంటనే ముట్టింది. ఉపమానంలో అయితే పొద్దుటివాళ్ళకు కూడా పూర్తి దేనారం దక్కింది, సణుగుడొక్కటే మిగిలింది. మన కథలో పొద్దుటివాళ్ళలో ఎందరి వంతు వచ్చేసరికో సంచి ఖాళీ. తోటలు ముక్కలై పట్టణాలుగా మారినప్పుడు, ఇల్లూ పనీ ఒకే రోజు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. వాళ్ళు సణిగితే అది అసూయ కాదు, బాకీ గుర్తుచెయ్యడం. బడిలో మేమిచ్చిన తీర్పును ఇన్నేళ్ళకు నేను ఇలా సవరించుకుంటున్నాను.

ఆ బాకీలో మనం తీర్చగలిగింది కొంత ఉంది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో తోటలో పుట్టిన పెద్దలుంటే, వాళ్ళ ఊరి పేరు, వచ్చిన ఓడ పేరు, పనిచేసిన తోట పేరు తెలుగులో రాసిపెట్టండి. మొన్న ఆ పెద్దాయన దగ్గరికి నోటు పుస్తకం పట్టుకుని వెళ్ళాను. "రాయడానికేటుంది బాబూ, పనే కదా!" అన్నారు. అయినా రెండు గంటలు చెప్పారు. ఇంకా సగం కూడా కాలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ రమ్మన్నారు.