ముచ్చలిక

రాయపూరు కచేరీలలో ‘ముచల్కా’ యను మాట విన్నప్పుడు తెలుగువారి కది క్రొత్తగా తోపదు. మన సీమలో పట్టాకు మారుగా రైతు జమీందారునకు వ్రాసి యిచ్చిన పత్రము ముచ్చలిక. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టములోను ఆ పేరే యున్నది. నేరవిచారణలో మాత్రము, వాయిదానాడు హాజరగుదునని నిందితుడు వ్రాసి యిచ్చు పత్రమునకు ఆ పేరు చెల్లుచున్నది.

దీని పూర్వరూపము ఇంగ్లండులో కానవచ్చును. అచ్చట మేజిస్ట్రేటు ఎదుట నిలిచినవాడు ‘వత్తు’నని మాట యిచ్చుటతో సరిపోదు, రాజునకు 20 పౌనులో 40 పౌనులో బాకీపడితినని ముందే ఒప్పుకొనవలెను. పూచీదారులును తమ వంతు బాకీని ఒప్పుకొందురు. వాయిదానాడు హాజరైనచో ఆ బాకీ రద్దగునను షరతు దిగువ నుండును. బాకీభాగము 1733 వరకు లాటినులోను, షరతు ఇంగ్లీషులోను వ్రాయుట వాడుక. బాకీ తెలియని భాషలో, మినహాయింపు తెలిసిన భాషలో! పారసీ దస్తావేజులపై వేలిముద్ర వేసిన మన పెద్దలకిది వింత కాదు.

1554, 1555 సంవత్సరముల శాసనములు ఈ పత్రములను పై న్యాయస్థానమునకు పంపవలెననియు, సాక్షులను సైతము ఇట్లే కట్టుబరుపవలెననియు విధించినవి.

వాయిదానాడు బంట్రోతు పేరు పెట్టి పిలుచును. పలుకు లేనిచో గుమాస్తా తప్పిన వారి పత్రముల నుండి బాకీలను వేరొక చుట్టలోనికి ఎత్తివ్రాసి, ఎక్స్‌చెకరను రాజకోశ కార్యస్థానమునకు పంపును. అచ్చటినుండి షెరీఫునకు తాకీదు, ఆపై సరకుల జప్తు. న్యాయమూర్తి పని ముగిసి లెక్కల గుమాస్తా పని మొదలగుట మన దఫ్తరులవారికి సులభముగా బోధపడును. జాప్యము మెండు గనుక, 1822 చట్టము జిల్లా సెషన్సు బాకీలను షెరీఫే నేరుగా వసూలు చేయునట్లు మార్పు చేసెను.

మన దేశమున 1898 నాటి నేరవిచారణ స్మృతి నమూనాలో ఆ సొమ్ము రాణీగారికి చెల్లవలెనని యుండెను. నేడు 2023 నాటి నాగరిక సురక్షా సంహిత 491వ విభాగము ఆ వసూలు పద్ధతిని తెల్పుచున్నది.

అయినను పూచీ దొరకనివాని గతి యేమి? 1978లో, రాయపూరు ఇంకను మధ్యప్రదేశ్‌లో నున్నప్పుడు, ఆ రాష్ట్రపు తాపీపనివా డొకడు సుప్రీం కోర్టు కెక్కెను. మేజిస్ట్రేటు 10,000 రూపాయల పూచీ కోరెను. సోదరుడు ముందుకు వచ్చినను ఆస్తి వేరొక జిల్లాలో నున్నదని త్రోసివేసెను. న్యాయమూర్తి కృష్ణయ్యరు ఆ తీర్పులో, బస్తరువంటి దూరప్రదేశమున చిక్కుకొన్న తెలుగువాడు అచ్చట ఆస్తిగల పూచీదారు నెట్లు తేగలడని ప్రశ్నించిరి. తాపీవానిని 1,000 రూపాయల సొంత ముచ్చలికపై విడువుడని ఆజ్ఞాపించిరి.